తోక ఎముక దగ్గర ఇచ్చిన ఇంజెక్షన్‌కు ఏ కోడ్?

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో ఇంటి నుంచే అమెరికా క్లెయిములకు మెడికల్ కోడింగ్ చేస్తున్నాను. తోక ఎముక నొప్పికి ‘గాంగ్లియన్ ఇంపార్ బ్లాక్’ (అక్కడి నాడీసంధికి ఇచ్చే మత్తు ఇంజెక్షన్) చేసిన రిపోర్టు ఒకటి వచ్చింది. సీపీటీ (అమెరికాలో వైద్య ప్రక్రియలకు సంఖ్యా కోడ్‌లిచ్చే జాబితా) పుస్తకంలో దానికంటూ కోడ్ లేదు. మా టీమ్ లీడ్ 64520 వేసేయమన్నారు గాని నాకు మనసొప్పడం లేదు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. 64520 అనేది నడుము లేదా ఛాతీ భాగంలో వెన్నుపూసల పక్కనుండే సింపథెటిక్ (మన ప్రమేయం లేకుండా పనిచేసే) నాడులకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌కు ఉద్దేశించినది. గాంగ్లియన్ ఇంపార్ అయితే రెండు వైపుల నుంచి దిగివచ్చిన సింపథెటిక్ గొలుసులు తోక ఎముక ముందు కలిసే చోట ఉండే ఒంటరి నాడీసంధి. చేసిన పనికి కేవలం దగ్గరగా ఉన్న కోడ్‌ను ఎంచుకోవద్దనీ, సరిగ్గా సరిపోయేది లేనప్పుడు, జాబితాలో లేని పనులకు ఉద్దేశించిన ‘అన్‌లిస్టెడ్’ కోడ్ వాడాలనీ సీపీటీ నియమమే చెబుతోంది. నాడీవ్యవస్థకు ఆ కోడ్ 64999.

అయితే రిపోర్టు శీర్షికను నమ్మి కోడ్ వేయకండి. సూది ఎక్కడ ఆగిందో చదవండి. సాక్రోకాక్సీజియల్ కీలు (త్రికాస్థి, తోక ఎముక కలిసే చోటు) గుండా సూది వెళ్లిందనీ, ఫ్లోరోస్కోపీలో (ప్రత్యక్ష ఎక్స్‌రే చిత్రంలో) పక్క నుంచి చూసినప్పుడు ఎముక ముందు రంగుమందు కామా గుర్తులా పరచుకుందనీ వైద్యులు రాసి ఉంటే అది ఇంపార్ బ్లాకే. మందు కాడల్ మార్గంలో (వెన్ను కింది చివర నుంచి) ఎపిడ్యూరల్ స్థలంలోకి, అంటే వెన్నుపాము పొరల బయటి చోటులోకి, వెళ్లి ఉంటే కోడ్ 62322, ఇమేజింగ్ సాయంతో చేసి ఉంటే 62323. లిగమెంటులో (ఎముకలను కలిపే కణజాలంలో) మాత్రమే ఇచ్చి ఉంటే 20550. రిపోర్టులో ఈ సంగతి తేలకపోతే ఊహించి వేయకుండా వైద్యులకు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపాలి.

64999కు ముందుగా నిర్ణయించిన విలువ ఉండదు కాబట్టి దాన్ని ఒంటరిగా పంపితే క్లెయిము తిరిగి రావడం ఖాయం. (మీ టీమ్ లీడ్ తొందరకు అసలు కారణం ఇదే అయి ఉంటుంది.) సీఎంఎస్-1500 అనే అమెరికా క్లెయిము ఫారంలో 19వ గడిలో ప్రొసీజర్ పేరు క్లుప్తంగా రాసి, రిపోర్టుతో పాటు ఒక లేఖ జతచేయండి. ఆ లేఖలో ఎందుకు చేశారో, ఎంత సమయం పట్టిందో, ఏ పరికరాలు వాడారో చెప్పి, శ్రమలో దీనికి పోల్చదగిన కోడ్‌ను, దాని రుసుమును చూపండి. మీ టీమ్ లీడ్ చెప్పిన 64520కు తగిన చోటు అక్కడే: క్లెయిము వరుసలో తప్పయినది లేఖలో పోలికగా చక్కగా పనికివస్తుంది.