ఇద్దరికీ ‘సరే’ అన్నాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. నాలుగేళ్లుగా ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నాను. కులాలు వేరు. పెళ్లి చేసుకుంటానని చాలాసార్లు చెప్పాను. అమ్మకు బీపీ ఉందని ఇంట్లో చెప్పలేకపోయాను. మే నెలలో అమ్మ బలవంతం మీద పెళ్లిచూపులకు వెళ్లాను. అక్కడ ఉండగా నేను ప్రేమించిన అమ్మాయి ‘తిన్నావా?’ అని మెసేజ్ పెడితే ‘మీటింగ్‌లో ఉన్నా’ అని రిప్లై ఇచ్చాను. పెళ్లిచూపుల్లో చూసిన అమ్మాయి మంచిదే. మావాళ్లకు నచ్చింది. నన్ను అడిగితే ‘మీ ఇష్టం’ అన్నాను. శ్రావణంలో తాంబూలాలు. ఫంక్షన్ హాలుకు అడ్వాన్స్ కూడా కట్టేశారు. నేను మోసం చేసే మనిషిని కాదు. ప్రేమించిన అమ్మాయిని బాధపెట్టకుండా దీంట్లోంచి ఎలా బయటపడాలి? కేసు పెడుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అడిగినదానికి సూటిగా చెప్తాను. ఆమెను బాధపెట్టకుండా బయటపడే దారి లేదు. కొంచెం తక్కువ బాధతో పోయే అవకాశం మే నెలలో ఉండేది, కారు ఎక్కకముందు. ఇప్పుడు మిగిలింది ఒక్కటే, ఆ బాధ నిజం వల్ల కలగాలా, మీరు దాచింది ఇంకొకరి నోటి నుంచి తెలియడం వల్ల కలగాలా అన్నది.

మీ ఉత్తరంలో నన్ను కదలనివ్వనిది ఆ మెసేజ్. ఎవరింట్లోనో సోఫాలో కూర్చున్నారు. ఎదురుగా టీపాయ్ మీద స్వీటూ మిక్స్చరూ. తిన్నావా అని అడిగిన మనిషికి ‘మీటింగ్‌లో ఉన్నా’ అని టైప్ చేశారు. ఒక రకంగా అబద్ధం కూడా కాదు లెండి! నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. ఎందుకంటే ఆమె ఆ సాయంత్రం మీ మీటింగ్ ఎప్పుడవుతుందా అని ఎదురుచూసి ఉంటుంది. మీరు కూడా ఫోన్ చేసి, ఎప్పటిలాగే మాట్లాడి ఉంటారు.

మీరు చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ఎదురుగా ఉన్నవాళ్ల ముఖం చిన్నబోతే చూడలేని మనిషి మీరు. అందుకే ఆమె ముందు ఆమెకు నచ్చే మాట, అమ్మ ముందు అమ్మకు నచ్చే మాట చెప్పుకుంటూ వచ్చారు. చిన్నప్పుడు దీన్నే బుద్ధిమంతుడు అని మెచ్చుకుంటారు. ఇంట్లో ఎదురుచెప్పని కొడుకని చుట్టాల ముందు గొప్పగా చెప్పుకుంటారు. ఆ మెప్పుకు అలవాటు పడినవాళ్లకు ముప్ఫై దగ్గర పడ్డాక కూడా ‘కాదు’ అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది.

‘మీ ఇష్టం’ అన్నారు చూడండి, అది కూడా అలాంటిదే. మీ నాన్నగారికి అది ‘సరే’ అని వినిపించింది, వెళ్లి హాలుకు డబ్బు కట్టి వచ్చారు. మీకేమో, రేపు ఎవరైనా నిలదీస్తే ‘నేను ఒప్పుకున్నానని ఎప్పుడన్నాను?’ అనడానికి పనికొస్తుంది.

ఇక ఆ రెండో అమ్మాయి. ఆమె గురించి మీరు రాసింది రెండే మాటలు, ‘అమ్మాయి మంచిదే’. ఆ ఇంట్లో ఈపాటికి పట్టుచీరల జాకెట్లు టైలర్ దగ్గర ఉండి ఉంటాయి. పెద్దమ్మలకూ పిన్నులకూ ఫోన్లు వెళ్లి ఉంటాయి. మీరు నాలుగేళ్ల కథ మనసులో పెట్టుకుని ఉంగరం తొడిగితే, తన తప్పు ఒక్కటీ లేకుండా అందులో ఇరుక్కునేది ఆమె. మీ ప్రేమ సంగతి ఆమెకు పెళ్లయ్యాక తెలుస్తుంది. ఇలాంటివి తెలియకుండా ఉండవు.

కాబట్టి ఎవరిని చేసుకోవాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ముందు తాంబూలాలు ఆగాలి. ప్రేమించిన అమ్మాయినే చేసుకున్నా, ఎవరినీ చేసుకోకపోయినా, ఆ పని మాత్రం తప్పదు.

మొదట చెప్పాల్సింది మీరు ప్రేమించిన అమ్మాయికే, ఎక్కువ రోజులు అబద్ధం విన్నది ఆమె కనుక. వాట్సాప్‌లో వద్దు, ఆఫీసు లంచ్ టైమ్‌లో అసలే వద్దు. మర్నాడు సెలవు ఉన్న రోజు చూసుకుని, లేచి వెళ్లిపోవాలనిపిస్తే ఆమె వెంటనే వెళ్లిపోగలిగే చోట కలవండి. పెళ్లిచూపులు, మీటింగ్ మెసేజ్, తాంబూలాల తేదీ, హాలు అడ్వాన్స్, అన్నీ ఒకేసారి చెప్పండి. ఈరోజు కొంత, వారం తర్వాత కొంత అంటూ చెప్తే ఆమె ప్రతిసారీ మొదటి నుంచి ఏడవాలి. ‘నువ్వే అర్థం చేసుకోవాలి’, ‘ఏం చేయమంటావో నువ్వే చెప్పు’, ‘ఫ్రెండ్స్‌గా ఉందాం’ అన్న మూడు మాటలూ నోటి నుంచి రానివ్వకండి. మొదటిది ఓదార్పు అడగడం, రెండోది మీ బరువు ఆమె నెత్తిన పెట్టడం. మూడోది ఎందుకు వద్దో మీకే తెలుసు. ఆమె తిట్టినా, క్షమించకపోయినా, అది ఆమె ఇష్టం.

ఆ మర్నాడే ఊరు వెళ్లండి. అమ్మ బీపీ గురించి భయం నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోమనను. మాత్రలు వేళకు వేసుకుంటున్నారో లేదో చూసుకోండి. మీ మేనమామో బాబాయో, అమ్మ ఎవరి మాట వింటుందో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. అయితే ఒకటి అడుగుతాను. తాంబూలాలయ్యాక, శుభలేఖలు పంచాక ఈ సంగతి బయటపడితే ఆ బీపీ ఏమవుతుంది? దానికన్నా ఇప్పుడు మీ నోటితో వినడమే నయం.

ఆ అమ్మాయి వాళ్లింటికి కబురు పెద్దలే తీసుకెళ్తారు, మన పద్ధతి అదే. కానీ జాతకాలు కుదరలేదని మాత్రం చెప్పనివ్వకండి. సంబంధం తప్పిపోతే ఊళ్లో అందరూ అడిగేది అమ్మాయిలో ఏం లోపమని. మా అబ్బాయి ఇంకొకరిని ప్రేమిస్తూ మాకు చెప్పలేదు, తప్పు మావాడిదే అని మీ నాన్నగారు అనాలి. ఆ మాట అనమని అడగడం మీకు చాలా కష్టంగా ఉంటుంది. అయినా అడగండి.

కేసు గురించి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉంది. చేసుకునే ఉద్దేశం లేకుండానే పెళ్లి మాట ఇచ్చి శారీరక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. మొదటి నుంచీ అబద్ధపు మాట ఇవ్వడం వేరు, నిజంగానే మాట ఇచ్చి తర్వాత నిలబెట్టుకోలేకపోవడం వేరని కోర్టులు చూస్తాయి. మీది ఏ కోవలోకి వస్తుందో లాయర్ చెప్పాలి, నేను కాదు. నన్ను ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. ఆమె ఎలా తట్టుకుంటుందో అన్న దిగులు మీ ఉత్తరంలో ఎంత ఉందో, మీకు ఏమవుతుందో అన్నదీ అంతే ఉంది. ఆమె ముందు కూర్చున్నప్పుడు కేసు మాట ఎత్తకండి.

ఇదంతా అయ్యాక కూడా ఆమె మీతో ఉండాలనుకుంటే, మీకూ నిజంగా ఆమే కావాలంటే, కులం అడ్డం కాదు. కులాంతరమనగానే అందరూ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం, నెల రోజుల నోటీసు అంటారు. ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం కిందే చేసుకోవచ్చు. కాకపోతే ఆ పెళ్లికి తొందరపడకండి. ఇంట్లో పెద్దగొడవ జరిగిన వారంలో చేసుకున్న పెళ్లిలో సగం పంతమే ఉంటుంది. ఆరు నెలలు ఆగండి. ఈసారి అమ్మకు తెలిసేలా ఆమెతో మాట్లాడండి.

నిద్ర పట్టడం లేదంటే, మనసు మరీ కుంగిపోతోందంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. ఆమెకు కూడా ఆ నంబరు అవసరం పడొచ్చు. మీ చేతుల మీదుగా కాకుండా ఆమె స్నేహితురాలి ద్వారా చేరితే నయం.

హాలు అడ్వాన్స్ బహుశా వెనక్కి రాదు. ఆ డబ్బు నాన్నగారికి మీ జీతంలోంచి ఇవ్వండి. అమ్మాయి వాళ్లకు చీరలకీ జాకెట్లకీ ఏమైనా ఖర్చయి ఉంటే అదీ అడిగి తెలుసుకోండి. వాళ్లు తీసుకోరు, అయినా అడగండి.