డోర్నకల్ పెద్ద గుడి: రైలు మారే మూడు గంటల్లో

భద్రాచలం రోడ్డు వైపు వెళ్లడానికి డోర్నకల్‌లో రైలు మారాలి, మూడు గంటలు ఖాళీ, అక్కడి పాత చర్చి చూడదగ్గదేనా, గుడిలా ఉంటుందంటారు నిజమేనా అని అడిగారు. నిజమే. మా ఇంట్లో దాన్ని చర్చి అన్నవాళ్లే లేరు. మా నాయనమ్మకు అది ‘పెద్ద గుడి’, మా పల్లెలో ఉన్నది ‘మన గుడి’.

దూరం నుంచి గుమ్మటాలు, మినార్ల వంటి బురుజులు చూసి మసీదేమో అనుకుంటారు. దగ్గరికి వెళితే స్తంభాలు దక్షిణాది దేవాలయ మండపాన్ని గుర్తుచేస్తాయి. ఇదంతా కావాలని చేసిందే. కట్టించినవారు బిషప్ వి.ఎస్. అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, 1909లో మిషనరీగా ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. క్రీస్తును నమ్మినవాడు ఇంగ్లండు తరహా కట్టడంలోనే మోకరించనక్కరలేదని ఆయన పట్టుదల. పని ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న, జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఆ పండుగను ఇంగ్లీషులో ఎపిఫనీ అంటారు, గుడికీ అదే పేరు.

శిల్పం సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. నాకు తెలిసింది వేరే. ఈ సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఊరి గుడి మెట్లెక్కనివ్వని మనుషులకు అలాంటి స్తంభాల మధ్యే చాప పరుచుకుని కూర్చునే చోటు దొరికింది. నాయనమ్మ ‘గుడి’ అన్న మాటను అంత ఒత్తి ఎందుకు పలికేదో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

అజరయ్య కాలం నుంచీ ఇక్కడి పల్లెల్లో పిడికెడు బియ్యం పద్ధతి ఉంది. ఎసట్లో పోసేముందు గుప్పెడు తీసి వేరే కుండలో వేయడం, ఆదివారం ఆ బియ్యం గుడికి తీసుకెళ్లడం. డబ్బు చేతిలో ఆడని కూలి కుటుంబాల కానుక అది. నేను ఒకసారి ఆ కుండలోంచి తీసి కోడిపిల్లలకు చల్లాను. అంతవరకూ నన్ను కొట్టని నాయనమ్మ ఆ రోజు కొట్టింది.

మీకు కుదిరితే చుట్టుపక్కల ఏదో ఒక పల్లెలో కోత పండుగ ఆదివారం చూడండి. పంట ఇంటికొచ్చాక ఒక్కో ఊరిలో ఒక్కోసారి చేస్తారు. బలిపీఠం ముందు ధాన్యం బస్తాలు, మిరపకాయలు, సొరకాయలు, గుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు. పాట మధ్యలో ఏదో ఒక కోడి కూయకుండా ఏ ఆరాధనా ముగియదు. తరువాత ఆవరణలో వేలం. ఒక ఏడు నాయనమ్మ ఇచ్చిన పుంజును మా పక్కింటాయన పాడుకుని మళ్లీ గుడికే ఇచ్చేశారు. రెండోసారి పాడుకున్నవారూ అంతే. మూడోసారి మా నాన్న పాడి, అంగట్లో దాని ధరకు ఎన్నో రెట్లు పెట్టి, మా కోడిని మా ఇంటికే తెచ్చారు. పాస్టరు అయ్యగారు పగలబడి నవ్వారు. నాయనమ్మ మాత్రం ‘దేవునికిచ్చింది’ అంటూ దాన్ని కోయనివ్వలేదు. ముసలిదై చచ్చిందది.

మామూలు రోజుల్లో పెద్ద గుడికి తాళం ఉండవచ్చు. ఆవరణలో ఎవరినైనా అడిగి చూడండి. అజరయ్య సమాధి కూడా డోర్నకల్‌లోనే ఉంది. 1945 జనవరి 1న పోయారాయన. దక్షిణాది క్రైస్తవ సంఘాలు ఒకటి కావాలని పాతికేళ్లు తిరిగిన మనిషి, 1947లో అది జరిగేనాటికి లేరు.

స్టేషన్ బయట ఆటో ఎక్కేటప్పుడు మాత్రం చర్చి అనే చెప్పండి. పెద్ద గుడి అంటే ఇంకెక్కడో దింపుతారు.