ఆ కుర్రవాడి బల్ల గోదాములో వేయించు

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

వాళ్ల కుర్రవాణ్ణి మన నూనె మిల్లులో ఉంచి పరిశోధన చేయించడానికి జేఎన్‌టీయూతో ఒప్పందం చేసుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సగం సంతోషం, సగం గుబులు. 1946లో ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన ఆ సంస్థ గేటు ముందు నుంచే నలభై ఏళ్లు తిరిగాను. లోపలికి వెళ్లి అడిగే ధైర్యం నీకు వచ్చింది.

ఖర్చు ఎవరిది, ఫలితాల మీద హక్కు ఎవరిది, ఎన్ని నెలలు, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. నీకు తెలిసిన పనే.

నా తప్పు మాత్రం ఓపికగా విను. నువ్వు పుట్టకముందు ఒక కళాశాల కుర్రవాడు ఆరు నెలలు మన మిల్లుకు వచ్చాడు. ఆఫీసు గదిలో బల్ల వేయించాను. వేరుశనగ పప్పు తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్లీ తూచి, తగ్గిన బరువును బట్టి తేమ లెక్కగట్టేవాడు. అవతల గోదాములో మన మేస్త్రీ కాయను చెవి దగ్గర ఆడించేవాడు. గలగలమంటే బస్తాకు, మూగగా ఉంటే మళ్లీ ఎండకు. ఇద్దరికీ మధ్య ఒక్క గోడ. మేస్త్రీ ఒకనాడు గుమ్మం దగ్గర నిలబడి ఆ త్రాసు వైపు చూస్తుంటే, "లారీ వచ్చింది, వెళ్లు" అని కసిరాను. కుర్రవాడి చదువు ముగిసింది, నోటు పుస్తకమూ అతనితోనే వెళ్లింది.

మరుసటి ఏడు కోతలప్పుడు ముసురు పట్టింది. బస్తాల్లో కాయలకు బూజు వచ్చింది. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉందని, నూనె తీశాక మిగిలిన చెక్క వెనక్కి వచ్చింది. అప్పటికే రెండు బండ్ల చెక్క చుట్టుపక్కల పాడి రైతులకు అమ్మేశాను. ఆ విషం నూనెలోకంటే చెక్కలోనే ఎక్కువ మిగులుతుందని, దాన్ని తిన్న పశువు పాలలోకీ వస్తుందని తర్వాత తెలిసింది. ఆ పాలు ఏ పసిబిడ్డ తాగిందోనని ఈనాటికీ ఉలిక్కిపడి లేస్తాను.

బ్రిటన్‌లో 1975 నుంచే ఇలాంటి పథకం ఉంది. పట్టభద్రుడు కంపెనీలోనే ఉండి పనిచేస్తాడు, విశ్వవిద్యాలయం అధ్యాపకుడు వెనక ఉండి నడిపిస్తాడు. నువ్వూ వచ్చేవాడి బల్ల గోదాములోనే వేయించు. లెక్కల పుస్తకం తెలుగులో, మన పనివాళ్ల చేతిరాతతోనే ఉండాలి. నేర్చుకునే గంటకు కూలి కోయకు, తల్లీ.

మేస్త్రీ కొడుకు ఇప్పుడు నీ దగ్గరే ఉన్నాడు కదా. మొదటి నమూనా అతని చేతే తూయించు. ఆ రోజు ముందుగా చెబితే నేనూ వస్తాను. బస్టాండుకు ఎవరినీ పంపవద్దు, ఆటోలో వచ్చేస్తాను.

మీ పెదనాన్న