కీబోర్డ్‌కి మన మాట ముందే ఎలా తెలుస్తోంది?

ప్రశ్న: సార్, ఫోన్‌లో ‘పలాస’ అని కొడితే చాలు ‘జీడిపప్పు’ అని వచ్చేస్తోంది, మాది ఆ వ్యాపారమే. మేం రాసిందంతా కంపెనీవోళ్లు చదివేస్తన్నారా ఏటి?
ఒక పాఠకురాలు, పలాస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఎవరో కూర్చుని చదవడం కాదమ్మా అది, ఏ మాట తర్వాత ఏ మాట ఎక్కువగా వస్తుందో కీబోర్డ్ యాప్ లెక్కేసుకుంటుంది, మీరు ఆర్డర్ల మెసేజ్‌ల్లో రోజూ ఆ రెండూ కలిపే కొడతారు కదా, అందుకే అదే ముందుకొస్తుంది. పాత బటన్ ఫోన్లలో టీ9 ఉండేది, నొక్కిన అంకెల్ని బట్టి డిక్షనరీలో మాట వెతికేది. 2010లో ఆండ్రాయిడ్‌కి స్విఫ్ట్‌కీ అనే కీబోర్డ్ యాప్ వచ్చాక ముందు రాసిన మాటల్ని బట్టి తర్వాతి మాట చెప్పడం బాగా పాకింది, 2016లో దాన్ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. 2017లో గూగుల్ తన కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో ఫెడరేటెడ్ లెర్నింగ్ అనే పద్ధతిని పరీక్షిస్తున్నామంది, అంటే మీ రాత ఫోన్‌లోనే ఉంటుంది, దాన్నుంచి ఫోన్ నేర్చుకున్న మార్పుల సారాంశం మాత్రమే గూగుల్ సర్వర్‌కి వెళ్తుంది, నాకు చాలా నచ్చిన పద్ధతి ఇది. కానీ అన్ని యాప్‌లూ ఇలా చేస్తాయనుకోకండి, ఊరూపేరూ లేని కీబోర్డ్ అస్సలు వేసుకోవద్దు, మీరు కొట్టే ప్రతి అక్షరం దాని మీదుగానే పోతుంది, పాస్‌వర్డ్‌తో సహా! జీబోర్డ్ పైన చూపించే మాటల్లో వద్దనుకున్నదాన్ని నొక్కి పట్టుకుని చెత్తబుట్ట బొమ్మ మీదకి లాగెయ్యండి, పోతుంది.