పాలస్తీనా అస్తిత్వం: మతమా, జాతీయతా అన్న ప్రశ్నకు సమాధానం

పాలస్తీనా ఉద్యమాన్ని ఇస్లామిక్ ఉద్యమమనాలో, జాతీయోద్యమమనాలో తేలక మీ సెమినార్ పత్రం ఆగిపోయిందని రాశారు. ఆ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిన అవసరం లేదు. ఏ కాలంలో ఏది ముందుకు వచ్చిందో, ఎందుకు వచ్చిందో చూపితే చిక్కు విడిపోతుంది.

1911లో పాలస్తీనాలోని రేవు పట్టణం జాఫా నుంచి ‘ఫలస్తీన్’ పత్రికను వెలువరించినవారు ఆర్థొడాక్స్ క్రైస్తవులు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఏర్పడిన తొలి జాతీయవాద సంఘాలు ముస్లిం-క్రైస్తవ సంఘాలన్న పేరుతోనే పనిచేశాయి. మరోవైపు, జెరికో సమీపంలో మూసా (మోషే) ప్రవక్త సమాధిగా ముస్లింలు భావించే నబీ మూసా దర్గాకు ఏటా సాగే యాత్రను గమనించండి. హెబ్రాన్, నాబ్లస్ తదితర ప్రాంతాల జనం తమ తమ జెండాలతో జెరూసలేంలో కలుసుకునే ఆ మతోత్సవమే 1920లో రాజకీయ ప్రదర్శనగా మారి, అల్లర్లకు దారితీసింది. పల్లె జనాన్ని అంత పెద్ద సంఖ్యలో ఒక్కచోట చేర్చే శక్తి అప్పటి సంఘాల కంటే ఆ ఉత్సవానికే ఎక్కువగా ఉండేది. నా దృష్టిలో మతం, జాతీయత కలిసే సాగాయన్న వాదనకు ఇదే అన్నిటికంటే బలమైన ఆధారం.

1935లో బ్రిటిష్ పోలీసుల చేతిలో మరణించిన ఇజ్జుద్దీన్ అల్ ఖస్సామ్ సిరియాలో పుట్టిన మతబోధకుడే అయినా, లౌకిక జాతీయవాదులు కూడా ఆయనను తమవాడిగా స్మరిస్తారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జార్జ్ హబాష్ 1967లో పాపులర్ ఫ్రంట్ అనే లౌకిక వామపక్ష సంస్థను స్థాపించగా, 1987లో ఆవిర్భవించిన ఇస్లామిక్ సంస్థ హమాస్ మరుసటి ఏడాది తన చార్టర్‌లో జాతీయతను మతవిశ్వాసంలో భాగంగా ప్రకటించింది. అదే 1988లో పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్ఓ) నేత యాసర్ అరాఫత్ అల్జీర్స్‌లో చదివిన స్వాతంత్ర్య ప్రకటన దైవనామస్మరణతో మొదలై, పాలస్తీనాను మూడు ఏకేశ్వర మతాల భూమిగా పేర్కొన్నది. ఈ రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి చదివి, మీ చివరి అధ్యాయాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టండి.