తేదీ, వేళ తెలియని సమాచారాన్ని నేను నమ్మను

అంతర్జాలంలో దొరికే సమాచారం నమ్మదగినదో కాదో తేల్చుకోవడానికి ఏ అలవాట్లు పాటిస్తారని అడిగారు. నా అలవాట్లలో మిగిలినవన్నీ ఒకదాని తరువాతే. ఏ విషయం కంటపడినా, అందులో ఏముందో చదవడానికి ముందే అది ఏ తేదీన, ఏ వేళకు వెలువడిందో చూస్తాను. ఎవరు చెప్పారన్నది చాలామంది చూస్తారు గానీ, ఎప్పుడు చెప్పారన్నది చూసేవారు అరుదు. పచ్చి అబద్ధాన్ని కాస్త ఆలోచించే వారెవరైనా పసిగట్టగలరు; మనల్ని నిలువునా ముంచేది కాలం చెల్లిన నిజమే.

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను బంగాళాఖాతంలో ఉండగా, బాపట్ల దగ్గర మా ఊళ్లో మా బాబాయి గారి వరి కోత పూర్తయి పనల మీద ఉంది. వెంటనే కుప్ప వేయించాలా, ఇంకా ఎండనివ్వాలా అన్నది ఆ పూటే తేలిపోవాలి, ఎందుకంటే ఆ రోజుల్లో కూలీలు దొరకడమే గగనం. నేను ఫోన్ చేస్తే ఆయన, "గాలివాన బంగ్లాదేశ్ వైపు తిరిగిపోయిందంటరా, మ్యాపుతో సహా మన ఊరి గ్రూపులో పెట్టారు" అన్నారు. ఆ మ్యాపు నాకు పంపమన్నాను.

చూస్తే అది భారత వాతావరణ శాఖ గీసిన అసలు పటమే. కాకపోతే పైభాగాన్నీ అడుగుభాగాన్నీ ఎవరో కత్తిరించేయడంతో తుపాను పేరు గానీ, విడుదల చేసిన వేళ గానీ అందులో మిగలలేదు. అయితే ఆ శాఖ పటాల్లో తుపాను నడిచే గీత మీద ఉండే చుక్కల పక్కన తేదీ, గంట చిన్న అంకెల్లో ఉంటాయి. పెద్దది చేసి చూసేసరికి, తీరానికి దగ్గరగా ఉన్న చుక్కల పక్కన 17 అన్న అంకె కనిపించింది. మేము మాట్లాడుకుంటున్నది డిసెంబరు 3న. నవంబరు 17న బంగ్లాదేశ్ తీరం దాటిన మిధిలి తుపాను పటాన్ని ఎవరో కొత్తదిగా పంచుతున్నారన్న మాట.

ఆ వెంటనే వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఆనాటి బులెటిన్ తెరిచాను. నెల్లూరు, మచిలీపట్నం మధ్య 5వ తేదీన తీరం దాటవచ్చని అందులో ఉంది. "బాబాయ్, మీరు చూసిన మ్యాపు పోయిన నెలది, ఈ తుపాను మన మీదికే వస్తోంది" అని చెప్పాను. ఆయన అప్పటికప్పుడు మనుషులను పిలిపించి, చీకటి పడేలోగా కుప్ప వేయించి, బరకాలు కప్పించి, తాళ్లతో బిగించారు. 5వ తేదీ మధ్యాహ్నం తుపాను బాపట్లకు దక్షిణాన, దగ్గరలోనే తీరం దాటింది. చుట్టుపక్కల పనల మీద వదిలేసిన చేలల్లో గింజ నానిపోయి మొలకలెత్తింది.

ఆ అంకెల విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. అవి మన గడియారం ప్రకారం కాక, ప్రపంచమంతటికీ ప్రామాణికమైన యూటీసీ సమయంలో ఉంటాయి కాబట్టి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. 06 అని ఉంటే మనకు ఉదయం పదకొండున్నర. ఈ సంగతి పటం మీదే రాసి ఉంటుంది గానీ, స్క్రీన్‌షాట్ తీసేవారు ముందుగా కోసేసేది అలాంటి వివరాలనే. అందుకే స్క్రీన్‌షాట్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. అసలు పేజీకి లంకె పంపడానికి పట్టే శ్రమ అంతకన్నా ఎక్కువేమీ కాదు కదా! వార్తా సైట్లలో కొన్ని పాత కథనానికే కొత్త శీర్షిక తగిలించి ఈనాటి తేదీ వేయడం మరీ అన్యాయం. అనుమానం వస్తే ఆ పేజీ చిరునామాను, వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషిన్ అనే సైటులో వేసి, అది గతంలో ఎలా ఉండేదో చూస్తాను. ఫోటో అయితే గూగుల్ లెన్స్‌లో వెతుకుతాను. 2014 అక్టోబరులో విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ నాటి దృశ్యాలు ఈనాటివన్న పేరుతో నాకు వచ్చినప్పుడు ఇలాగే బయటపడ్డాయి.

ఒకే వార్త పది చోట్ల కనిపించినంత మాత్రాన పది సాక్ష్యాలు దొరికినట్టు కాదు. తెలుగులో వెతికినప్పుడు ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది: అవే వాక్యాలు, అదే అచ్చుతప్పుతో సహా, సైటు నుంచి సైటుకు పాకుతూ ఉంటాయి. నేను ఆ పదింటినీ పక్కన పెట్టి, వాటిలో ఏది ముందు వెలువడిందో, అది దేన్ని ఆధారం చేసుకుందో వెతుకుతాను. వికీపీడియాను కూడా నేను వాడేది ఇందుకే. వ్యాసం కన్నా ముందు అడుగున ఉన్న మూలాలను, మార్పుల చరిత్రను చూస్తాను.

ప్రభుత్వ పథకాల గురించి వచ్చే సందేశాలకూ ఇదే కొలత. నిజంగా ఉత్తర్వు వెలువడి ఉంటే దానికి శాఖ పేరు, జీవో సంఖ్య, తేదీ ఉండి తీరతాయి, ఆ మూడూ లేని సందేశాన్ని నేను ఎవరికీ పంపను. ఇక్కడ అధికారులపై నాకొక ఫిర్యాదు ఉంది. చాలా ఉత్తర్వులను కాగితం స్కాన్ చేసి బొమ్మలుగా పెడతారు కాబట్టి అవి వెతుకులాటలో చిక్కవు, పైగా ఎక్కువ భాగం ఆంగ్లంలోనే ఉంటాయి. వెతికితే దొరికే తెలుగు అక్షరాల్లో వాటిని పెట్టి ఉంటే, మా బాబాయి గారి లాంటివారు నిజానిజాలు తెలుసుకోవడానికి నా ఫోను కోసం ఎదురుచూడవలసిన అవసరం ఉండేది కాదు.