కడప బండ లెక్కలో 0.98 ఎందుకొస్తోందంటే

వాలు చెక్క మీద జారే కడప బండ త్వరణం ఎంత అన్న లెక్కలో, నార్మల్ రియాక్షన్ (చెక్క తనకు లంబంగా బండను తిరిగి నెట్టే బలం) దగ్గరే తప్పింది. 20 కిలోల బండ, 30° వాలు చెక్క, ఘర్షణ గుణకం 0.4, జవాబు 1.5 మీ/సె² రావాలి. మీకు 0.98 వచ్చిందంటే బరువు మొత్తం 196 న్యూటన్లనీ (20 × 9.8) నార్మల్‌గా పెట్టేసి 0.4తో గుణించారు. నేల మీద పరిచిన బండకైతే అది సరే. వాలు మీద చెక్కను నొక్కేది బరువులో కొంతే. యర్రగుంట్లలో లారీ నుంచి బండలు దించేవాళ్లను అడిగినా చెబుతారు, చెక్క ఎంత నిలువుగా లేపితే పట్టు అంత తగ్గుతుందని.

1. ముందు బొమ్మ గీసి, అక్షాలను చెక్క వెంబడి ఒకటి, దానికి లంబంగా ఒకటి తిప్పి పెట్టండి. అందరూ వదిలేసేది ఇదే, ఫస్టియర్‌లో నేనూ ఇక్కడే మార్కులు పోగొట్టుకున్నా.
2. నార్మల్: 196 × కాస్ 30 = 169.7
3. ఘర్షణ: 0.4 × 169.7 = 67.9
4. కిందికి లాగేది 196 × సైన్ 30 = 98. అందులో ఘర్షణ పోగా 30.1, దాన్ని 20తో భాగిస్తే 1.5 మీ/సె².

సైన్, కాస్ తారుమారవుతుంటే కోణం సున్నా అనుకోండి. చదును చెక్క మీద నార్మల్ అంటే మొత్తం బరువే, కాస్ 0 విలువ 1, కాబట్టి నార్మల్‌కి కాస్. కాలిక్యులేటర్ డిగ్రీల్లోనే ఉందా, అదొక్కటి చూసుకోండి.